మండి గుమ్మం కింద కారిన బెల్లం

ఆ రోజు అర్జీ నా చేతిలోనే ఉంది. రాసింది నేనే. ఇవ్వవలసిన బల్ల చెయ్యి చాస్తే అందే దూరంలో ఉంది. ఇవ్వకుండా మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఉద్యోగంలో నేను చేసిన తప్పులు ఇంకా చాలా ఉన్నాయి. కూడికలు తప్పాను, తారీఖులు తారుమారు చేశాను, ఒకరికి పోవలసిన ఉత్తరం మరొకరికి పంపాను. అవన్నీ దిద్దుకోగలిగినవి. ఇది అట్లాంటిది కాదు. ఇప్పుడు మీరు కాగితాలన్నీ ఒక సంచిలో వేసి ఆడిటరు చేతికిచ్చి, ఇన్‌కంటాక్సు రిటర్ను సంగతి మరిచిపోతారు. గడువు దాటితే ఏమౌతుంది, అపరాధ రుసుమేగా అంటారు. ఏమౌతుందో నేను చూశాను. అందుకే చెబుతున్నాను.

రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజులు. నేను మెట్రిక్ పాసై, చిత్తూరులో ఒక బెల్లం మండిలో గుమస్తాగా చేరాను. చుట్టుపక్కల పల్లెల రైతులు చెరుకు గానుగాడి, వండిన బెల్లాన్ని దిమ్మెలుగా బండ్ల మీద తెచ్చి మండిలో దించేవాళ్లు. ధర బాగుంటే వెంటనే అమ్మేవాళ్లు, లేకుంటే మంచి ధర వచ్చేదాకా మా గోడౌన్లోనే ఉంచేవాళ్లు. అమ్మిపెట్టినందుకు మండికి తరుగూ కమీషనూ వచ్చేవి. లెక్కలు రాసే పెద్దాయన ఒకడు అప్పటికే ఉన్నాడు. ఆయన్ను మా వైపు అరవ వాసనతో కణక్కుపిళ్ళ అనేవాళ్ళం. తెలుగు లెక్కలన్నీ ఆయనవి. ఇంగ్లీషులో వచ్చే కాగితాలు మాత్రం నావి. మండిలో కాళ్లకు చెప్పులేసుకుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని కూర్చునేవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ ఇంగ్లీషు నాకు కొంచెం ఎక్కువగానే తలకెక్కిందని ఇప్పుడు ఒప్పుకుంటాను.

ఆ మండికి ఒక ఆచారం ఉండేది. మండి పెట్టిన పెద్ద సావుకారు మొదటిరోజే తిరుమల స్వామిని భాగస్తుణ్ణి చేసుకున్నాడు. లాభంలో రూపాయికి ఒక అణా స్వామిది. మా వైపు వర్తకుల్లో ఇది కొత్తేమీ కాదు. కానీ మా సావుకార్లు ఇంకో అడుగు ముందుకు వేశారు. ఉగాదికి లెక్కలు తేల్చి, స్వామి వాటాను పసుపు గుడ్డలో ముడుపు కట్టి, చంద్రగిరి వైపు మెట్లదారిన కొండెక్కి, హుండీలో వేసి వచ్చేదాకా ఆ ఏటి లాభమెంతో పైకి చెప్పేవాళ్లు కాదు. పెళ్లానికి చెప్పరు, అన్నదమ్ములకు చెప్పరు. మొదట వినవలసింది భాగస్తుడు. కొండ దిగివచ్చి లడ్డు ప్రసాదం పంచిన తర్వాతే రిటర్ను కాగితం మీద అంకె పడేది.

దీనివల్ల ప్రతి ఏడూ రిటర్ను కొంచెం ఆలస్యమయ్యేది. అప్పుడున్న పాత ఇన్‌కంటాక్సు ఆఫీసరు మంచివాడో, ఓపిక లేనివాడో తెలియదు. నేను వరండాలో నిలబడి దణ్ణం పెడితే, లోపలి నుంచే తలూపేవాడు. అదే వాయిదా. కాగితం, సంతకం ఏమీ లేవు. అట్లా నడిచిపోతున్న కాలంలో రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. పాత ఆఫీసరు బదిలీ అయిపోయాడు. ఆ చలికాలంలోనే పెద్ద సావుకారు కాలం చేశాడు.

ఇంటి పెద్ద పోతే ఏడాది పొడుగునా కొండెక్కరు. కాబట్టి ఉగాదికి లెక్క తేలినా, కొడుకు, అంటే ఇప్పటి సావుకారు, ముడుపు కట్టి పూజగూట్లో పెట్టేశాడు. సంవత్సరీకం జరిగేదాకా అది అక్కడే ఉండాలి. అంతవరకూ లాభమెంతో ఎవరికీ చెప్పేది లేదు.

"నేను దీసకపోతాలేప్పా. నాకు మైల లేదు గదా," అన్నాడు కణక్కుపిళ్ళ.

"భాగస్తుడికి లెక్క సెప్పాల్సింది భాగస్తుడు. కూలోణ్ణి పంపిస్తే అదేం మర్యాద?" అన్నాడు సావుకారు.

"ఔనౌను, నేను కూలోణ్ణే," అని కణక్కుపిళ్ళ ముక్కుపొడి పీల్చాడు. "నలభై ఏండ్లు రాసినోణ్ణి కూలోడంటాడు, లాభమెంతో రాసిపెట్టింది ఈ కూలోడే గదా."

వేసవిలో ఇన్‌కంటాక్సు నోటీసు వచ్చింది. చదివి చెప్పాను. సావుకారు విని, "టైం అడుగబ్బీ. ఉండేది ఉండేట్లు రాయి. సామి సంగతిలో కట్టుకతలొద్దు," అన్నాడు.

గడువు ఆఖరి రోజున ఆఫీసుకు వెళ్లాను. వరండాలో నాలాంటి గుమస్తాలు కొందరు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. కొత్త ఆఫీసరు నోటిమాట ఒప్పుకోడని, అడిగేదేదైనా రాసివ్వాలని హెడ్డు గుమస్తా చెప్పాడు. నేను పక్కన కూర్చుని ఇంగ్లీషులో రాశాను. స్వామికి వాటా చెల్లించకముందు ఆదాయం ఎవరికీ వెల్లడించకపోవడం మా మండి ఆచారమనీ, తండ్రి చనిపోయినందువల్ల ఈ ఏడు కొండకు వెళ్లే వీలు లేదనీ, సంవత్సరీకం దాకా గడువు కావాలనీ రాశాను. రాసి చదువుకుంటే బాగానే ఉన్నట్టనిపించింది.

బట్టల కొట్టు గుమస్తా నా భుజం మీదుగా తొంగి చూశాడు. వాడూ నాలాగే ఇంగ్లీషు వచ్చినవాడు.

"ఏందిదీ? ఒరేయ్, సూడండిరా. వీళ్ల మండిలో ఎంకన్న ఇంకా సంతకం బెట్టలేదంట!"

బెంచీ అంతా నవ్వింది. "ఎంకన్నకు గూడా నోటీసు పంపియ్యాల్సిందే," అన్నాడొకడు. "ఆయప్పకు వడ్డీ లెక్కలే తెమలవు, ఇంక ఇన్‌కంటాక్సు యాడ కడ్తాడు," అన్నాడింకొకడు. బల్ల వెనక హెడ్డు గుమస్తా కూడా కళ్లద్దాలు తీసి నవ్వాడు.

"పిచ్చోడా, జరమని రాయి. మా సావుకారికి నాలుగేండ్లుగా జరమే," అని బట్టల కొట్టువాడు నా వీపు తట్టాడు.

జ్వరమని రాస్తే సావుకారి మాట దాటినట్టు. ఉన్నది ఉన్నట్టు ఇద్దామంటే ఇంతమంది ముందు ఆ కాగితం బల్ల మీద పెట్టడానికి చెయ్యి రాలేదు. ఇంగ్లీషు చదువుకున్నవాడు ఇట్లాంటి కారణం రాశాడని లోపల ఆఫీసరు కూడా నవ్వుతాడనిపించింది. "మా ముసలోళ్ల చాదస్తం గదా, రేపు వేరే రాసి తెస్తాన్లే," అన్నాను. అని నేనూ వాళ్లతో కలిసి నవ్వాను.

మండికి వచ్చాక సావుకారు అడిగాడు. "ఇచ్చినావా అబ్బీ?"

"ఇచ్చినానయ్యా. సరే అన్నారు."

మరుసటి రోజు నిజంగానే వెళ్లాలనుకున్నాను. బెల్లం బండ్లు ఎక్కువొచ్చాయి. ఆ పై రోజు వెళితే హెడ్డు గుమస్తా సెలవులో ఉన్నాడు. వారం గడిచింది. ఎవరూ ఏమీ అడగలేదు. అడగనప్పుడు అంతా బాగానే ఉందనుకోవడం మనిషికి ఎంత తేలికో నాకప్పుడే తెలిసింది. కొన్నాళ్లకు ఆ అర్జీ ఇచ్చాననే నేనే నమ్మడం మొదలుపెట్టాను.

వినాయక చవితి దాటిన తర్వాత ఆర్డరు వచ్చింది. కవరు చింపి నిలబడే చదివాను. రెండోసారి చదవడానికి కూర్చోవలసి వచ్చింది. మీరు రిటర్ను దాఖలు చేయలేదు, గడువూ కోరలేదు, అందుచేత నాకు తోచినంతవరకు మీ ఆదాయాన్ని నేనే నిర్ణయిస్తున్నాను, అని ఆఫీసరు రాశాడు. చట్టం అతనికా అధికారం ఇచ్చింది. యుద్ధం రోజుల్లో పెద్ద ఊళ్ల మండీలు గడించిన లాభాలు చూసి, మాకూ అంతే వచ్చి ఉంటుందని వేసేశాడు. దాని మీద పన్ను, రిటర్ను ఇవ్వనందుకు పెనాల్టీ వేరే. 

సావుకారికి చెప్పాను. ఆయన కోప్పడలేదు. అర్థం కానట్టు నా వైపు చూశాడు.

"ఇంత సొమ్ము మనం సంపాయించినామా? ఎప్పుడు?"

"సంపాయించింటే నాకు సెప్పకుండా యాడ దాసిపెట్టినావప్పా?" అన్నాడు కణక్కుపిళ్ళ. ఎవరూ నవ్వలేదు.

సావుకారు నన్నే చూస్తున్నాడు. "టైం అడగలేదని రాసుండాదే. నువ్వడిగినావు గదా?"

ఇక్కడ నిజం చెప్పి ఉంటే సగం నష్టం తప్పేది. ఆర్డరు చేతికి అందిన నెలలోపల తగిన కారణం చూపిస్తే దాన్ని రద్దు చేసి మళ్లీ మొదటి నుంచి చూసే వీలుంది. ఆ సంగతి ఆర్డరు వెనక్కాలే అచ్చువేసి ఉంది. నేను చదివాను కూడా. కానీ అందుకు ముందు ఇచ్చిన అర్జీ ఏదని అడుగుతారు. అప్పుడు నా బండారం బయటపడుతుంది. కాబట్టి నేనన్నాను, "ఇచ్చినానయ్యా. తీసుకున్నారు. ఇప్పుడు మాట మార్చినారు."

సావుకారి ముఖం గట్టిబడింది. "అట్లనా. మాట తప్పినోడి ముందర నేను చేతులు కట్టుకోని నిలబడను. ఏం జేస్తాడో జెయ్యనీ."

ఆ ఆఫీసరు ఎవరి మాటా తప్పలేదు. అతనికి మాట ఇచ్చే అవకాశమే నేను ఇవ్వలేదు. ఆ నెలంతా రోజూ పొద్దున మండికి వచ్చి, ఆ రోజైనా చెప్పాలనుకుని, సాయంత్రం ఇంటికి పోయాను. నెల గడిచిపోయింది. డబ్బు కట్టమన్న గడువూ దాటింది. బాకీ వసూలుకు ఆఫీసు నుంచి కాగితం కలెక్టరుకు, అక్కడి నుంచి తాసిల్దారుకు వెళ్లింది.

జప్తుకు వచ్చిన రోజు ముసురు పట్టి ఉంది. మొదట తప్పెట చప్పుడు వినిపించింది. ఏ సినిమాకో దండోరా వేస్తున్నారనుకున్నాను. ఆ చప్పుడు మా మండి ముందుకే వచ్చి ఆగింది. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, జప్తు చేసే అమీను, ఇద్దరు బంట్రోతులు గొడుగుల కింద నిలబడ్డారు. తప్పెటవాడు సర్కారు బాకీ కింద ఈ మండి సరుకు జప్తు చేస్తున్నారని గట్టిగా చెప్పాడు. బజారు వీధంతా బయటికొచ్చి చూసింది. ఆ వీధిలో అంతవరకు తప్పెట ఒక గుమ్మం ముందు ఆగింది పెళ్లికీ చావుకీ మాత్రమే.

గోడౌన్ తలుపు దగ్గర సావుకారు అడ్డంగా నిలబడ్డాడు. "అప్పా, ఈ బెల్లం నాది కాదు. రైతులది. ధర కోసరం దించిపోయినారు."

"బయట బోర్డు మీద ఎవురి పేరుండాదప్పా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నాదే."

"నాకు బోర్డే ఆధారం. రైతులు అర్జీ ఇచ్చుకోనీ, ఇచారిస్తారు."

తాళం వేసి, లక్క కరిగించి సీలు వేశారు. వానాకాలంలో బెల్లం గోడౌన్ మూసి ఉంచకూడదు. ఎండ పొడ కనిపించినప్పుడల్లా తలుపులు తీసి గాలాడనివ్వాలి, కింద వరిగడ్డి మార్చాలి. కణక్కుపిళ్ళ ఈ సంగతి అమీనుకు చెప్పడానికి అతని వెంట గొడుగు కిందికి కూడా దూరాడు. "బెల్లమప్పా, ఇనుము గాదు. సెమ్మ తగిల్తే నీళ్లయిపోతాది." అమీను, "తాసిల్దారుకు సెప్పుకో," అన్నాడు. తాసిల్దారు క్యాంపులో ఉన్నాడు.

తర్వాత ఇంట్లోకి వచ్చారు. మండి వెనకే ఇల్లు. బీరువా, ఇత్తడి సామాను పట్టీ రాసుకున్నారు. పూజగూట్లో పసుపు మూట ఇన్‌స్పెక్టరు కంటబడింది.

"ఇదేంది?"

"ముడుపు."

"ఎవురిది?"

"మా భాగస్తుడిది."

"ఆయన యాడుంటాడు?"

సావుకారు కొండ ఉన్న దిక్కుకు చెయ్యి చూపించాడు. ఇన్‌స్పెక్టరుకు అర్థమైంది. అతని నుదుట కూడా సన్నగా నామం ఉంది. చేతిలో పట్టీని మడిచాడు. తర్వాత, "భాగానికి పత్రమేమన్నా ఉండాదా?" అని నెమ్మదిగా అడిగాడు. ఎగతాళి కాదు. నిజంగా ఉంటే వదిలి పోదామనే అడిగినట్టున్నాడు.

"దేవుడితో పత్రమెవురు రాసుకుంటారప్పా?"

"నేనూ కొండకు పొయ్యేవాణ్ణే. కానీ దీన్ని ఒదిలిపెట్టినాననుకో, రేపు ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఆ సామే భాగస్తుడౌతాడు." అని చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చి, మూటను రెండు చేతులతో తీసి కళ్లకద్దుకుని, విప్పి లెక్కపెట్టి, రసీదు రాసిచ్చాడు. సావుకారి తల్లి గోడకానుకుని అట్లాగే నేలమీదికి జారి కూర్చుంది. ఆమె ఏడవలేదు. ఎవరో ఎరగని మనిషిని చూస్తున్నట్టు ఖాళీగా ఉన్న పూజగూటిని చూస్తూ ఉండిపోయింది. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. వరండాలో నవ్వుతూ మడిచిన ఒక కాగితానికి ఇంత పొడుగు చేతులుంటాయని నా ఊహలో లేదు. 

వాన వదల్లేదు. ఒక ఉదయం నేను మండికి వచ్చేసరికి గోడౌన్ గుమ్మం కింద నుంచి నల్లటి పాకం లాంటిది మెల్లగా కారుతోంది. మెట్టు దిగి, వీధి కాలవలో వాననీళ్లతో కలిసి పోతోంది. ఈగలు, చీమలు, కందిరీగలు. ఒక మేక తీరుబడిగా మెట్టును నాకుతోంది. సీలు మాత్రం చెక్కు చెదరలేదు. లోపల ఎంత కరిగిందో చూసే హక్కు మాకు లేదు. కణక్కుపిళ్ళ ఒక గోనెపట్టాతో గుమ్మం సందు మూయడానికి ప్రయత్నిస్తూ, "ఒరే ఆగరా, ఆగు," అని బెల్లంతో మాట్లాడుతున్నాడు.

కబురు పల్లెలకు పోయింది. రైతులు వచ్చారు. వాళ్లకొక్కటే తెలుసు, సావుకారు పన్ను ఎగ్గొట్టినాడు, మా బెల్లం పోయింది.

"ఏమప్పా, నీ లాభం నువ్వు దాసిపెట్టుకోని, మా కష్టం కాలవలో పోస్తివే!"

"నీ నాయన బతికుంటే ఇట్లా జేసిండునా?"

ఒక ముసలమ్మ అందరికన్నా ముందు నిలబడి ఉంది. బావి తవ్వించడానికని ఆ ఏటి బెల్లమంతా ధర కోసం ఆపుకున్న మనిషి. ఆమె తిట్టలేదు. వంగి, గుమ్మం కింద కారేదాన్ని వేలితో తాకి, నాలిక మీద పెట్టుకుని, "మాదే," అంది.

సావుకారు చేతులెత్తి వాళ్లను ఆపాడు. "నేను ఎగ్గొట్టలేదు నాయనా. టైం అడగమని మనిషిని పంపిస్తి. కాగితం తీసుకోని మాట తప్పినారు. ఇదో, పోయినోడు ఈడనే ఉండాడు. సెప్పు అబ్బీ, నువ్వే గదా కాగితమిచ్చింది?"

అందరూ నా వైపు తిరిగారు.

"అవును," అన్నాను.

ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మాట నాకు వినిపిస్తుంది. మొదటిసారి సిగ్గుతో అబద్ధమాడాను. రెండోసారి భయంతో. ఈసారి ఎందుకాడానో నాకే తెలియదు. అలవాటుగా వచ్చేసింది.

రైతులు శాపనార్థాలు పెట్టుకుంటూ వెళ్లిపోయారు. సాయంత్రం సావుకారు పెరట్లో పాదాలకంటిన బెల్లాన్ని కడుక్కుంటున్నాడు. నేను చెంబు అందుకుని నీళ్లు పోశాను. పోస్తూ చెప్పాను. ఆయన పాదాలు రుద్దుకోవడం ఆపి విన్నాడు.

"రాయలేదా?"

"రాసినానయ్యా. ఉండేది ఉండేట్లే రాసినాను. ఇయ్యలేదు."

"ఎందుకని?"

"సదివి నవ్వినారు."

"ఎవురు?"

"అందురూ."

"నువ్వు?"

చెంబులో నీళ్లయిపోయాయి. "నేనూ నవ్వినాను."

ఆయన మళ్లీ పాదం రుద్దుకోసాగాడు. తిడితే బాగుండుననుకున్నాను. కొట్టినా బాగుండేది.

"పన్నంటే కట్టుకుంటా అబ్బీ. ఇల్లమ్మి కడతా. రైతులకూ కడతా. నువ్వు నవ్వినావని సెప్తుండావే, దానికేం జెయ్యాల్నో నాకు తెలీలేదు." అని తడికాళ్లతోనే లోపలికి వెళ్లిపోయాడు. పనిలోంచి పొమ్మనలేదు. రేపు రమ్మనీ అనలేదు.

మరునాడు ఆఫీసు తలుపులు తీయకముందే వరండాలో నిలబడ్డాను. ఈసారి హెడ్డు గుమస్తాను దాటి నేరుగా లోపలికి పోయి, ఆ కొత్త ఆఫీసరు ముందు జరిగింది జరిగినట్టు చెప్పాను. సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి. అరవం కలిసిన తెలుగు మాట్లాడేవాడు. మధ్యలో ఎక్కడా నవ్వలేదు.

"ఈ కారణమే రాసి ఇచ్చి ఉంటే టైం ఇచ్చి ఉండేవాణ్ణే," అన్నాడు.

నేను నమ్మలేనట్టు చూశాను.

"నీ సామిని నేను నమ్మాలని లేదప్పా. నాకు ఫైల్లో ఒక కాగితం ఉండాలి, అంతే. కాగితం లేదు, మనిషి రాలేదు, నేనేం చేసేది? ఊహ మీద వేసేస్తిని." అని కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇప్పుడు నెల దాటిపోయింది. నా చేతిలో లేదు. పై ఆఫీసరుకు అప్పీలు పెట్టుకోండి. ఆలస్యానికి కారణం ఉంటే తీసుకుంటారు. ఆ కారణం నువ్వే. నువ్వే ప్రమాణపత్రం రాయాలి."

రాశాను. నా అబద్ధాలు మూడూ వరసగా, నా సంతకంతో రాశాను. పరాయి సరుకును విడిచిపెట్టవచ్చునని ఆఫీసరు తాసిల్దారుకు రాసిన కాగితం నేనే పట్టుకుపోయాను. గోడౌన్ తెరిచేసరికి పై వరసల దిమ్మెలు కొన్ని మిగిలాయి. కింద ఉన్నది మోకాలి లోతు బురద. అప్పీలులో పన్ను బాగా తగ్గింది. పెనాల్టీ తగ్గలేదు. ఆలస్యం ఆలస్యమేనని పై అధికారి అన్నాడు. నేను కాదనలేకపోయాను. రోడ్డు పక్క స్థలం అమ్మి సావుకారు రైతులందరికీ కరిగిన బెల్లానికి డబ్బు ముట్టజెప్పాడు.

తండ్రి సంవత్సరీకం కాగానే ఆయన కొండకు వెళ్లాడు. నన్నూ వెంటబెట్టుకుపోయాడు.  హుండీ దగ్గర మొలలోంచి ఇన్‌స్పెక్టరు ఇచ్చిన రసీదు తీసి, మడత విప్పి, స్వామికి చూపించినట్టు పట్టుకుని, అందులో వేశాడు. నేను బిత్తరపోయి చూస్తుంటే, "ఆయన భాగం సర్కారు తీసకపాయె. లెక్క సెప్పాల గదా," అన్నాడు.

కానీ అసలు దెబ్బ ఆ తర్వాత తెలిసింది. గానుగలు మొదలయ్యాయి. మా వీధిలో బండ్లు బారులు తీరాయి. అవన్నీ మా మండి దాటి పక్క మండీలకు పోతున్నాయి. డబ్బు తీసుకున్నా రైతుల మనసులో సావుకారు పన్నెగ్గొట్టి తమను ముంచినవాడే. అర్జీయే అందలేదని అప్పీలుతో పొక్కేసరికి, తప్పు దాచి ఆఫీసరు మీదికి తోసినవాడు కూడా అయ్యాడు. ఆయన మాటకు వాళ్ల ముందు నేను అవునన్నాను కదా. మండి అంటే నాలుగు గోడలు కాదు, రైతు బండి ఆపే చోటు. బండి ఆగకపోతే ఇంకో ఏడాదికి బోర్డు దించుకోవలసిందే.

"ఈగలు గూడా మనల్ని మరిసిపోయినాయి," అన్నాడు కణక్కుపిళ్ళ, ఖాళీ గోడౌన్ ఊడ్చిస్తూ.

సావుకారు పొమ్మని చెప్పలేదు. నేనూ ఆయన సెలవు అడగలేదు. మరునాటి నుంచి పల్లెలకు నడిచాను. ఎవరి బెల్లం కరిగిందో వాళ్ల ఊళ్లన్నిటికీ వెళ్లాను. ఇంట్లో ఒంటరిగా చెప్పడం కాదు, గానుగ దగ్గర పదిమంది ఉన్నప్పుడు చెప్పాలని నియమం పెట్టుకున్నాను. అబద్ధం నలుగురిలో చెప్పినవాడు నిజం చెవిలో చెప్పకూడదు. కొన్ని ఊళ్లలో విని ఊరుకున్నారు. ఒకచోట చెరుకు గడతో కొట్టబోయారు. ఒకచోట కుక్కను ఉసిగొల్పారు. ఒకాయన మాత్రం నీళ్లిచ్చి, "ఇంత దూరం దీనికొచ్చినావా?" అని ఆశ్చర్యపోయాడు.

పూతలపట్టు వైపు పల్లెలో ఆ ముసలమ్మ గానుగ. పెనంలో పాకం ఉడుకుతోంది. పక్క మండివాళ్ల బండి అప్పటికే వచ్చి నిలబడి ఉంది, దిమ్మెలు ఎక్కిస్తున్నారు. నేను అందరూ వినేట్టు చెప్పాను. ఆమె పొయ్యిలోకి చెరుకు పిప్పి తోస్తూ విన్నది.

"ఆ పొద్దు అందరి ముందరా ఔనంటివే?"

"అన్నానవ్వా."

"ఈ పొద్దు కాదంటుండావు."

"అవునవ్వా. మా సావుకారు తప్పు లేదు. కాగితమియ్యనోణ్ణి నేను."

"రేపేమంటావో?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.  నేనేం చెప్పినా ఆమె నమ్మవలసిన అవసరం లేదు.

ఆమె లేచి నడుం మీద చెయ్యి పెట్టుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది. "బండేమన్నా తెచ్చినావా?"

"లేదవ్వా. నడిసొచ్చినాను."

"అయితే నడిసే పో." బండిలోకి ఎక్కించబోతున్న ఒక దిమ్మెను ఆపించింది. "దీన్ని నెత్తిన బెట్టుకోని పొయ్యి మీ సావుకారికియ్యి. అమ్మి ధర తెప్పించమను. రూక తక్కువ రాకుంటే, మిగతాది అప్పుడు సూస్తాము."

అంతకుముందు నేను బెల్లం దిమ్మె మోసినవాణ్ణి కాదు. తలగుడ్డ చుట్టుకుని ఎత్తుకున్నాను. ఆరీ ఆరని కొత్త బెల్లం. ఊరు దాటేసరికి మెడ పట్టేసింది, చొక్కా భుజాలు జిగటగా అంటుకున్నాయి. దారిలో పొలం గట్ల మీద దించుకుంటూ, మళ్లీ ఎత్తుకుంటూ, ఎత్తడానికి దారినపొయ్యేవాళ్ల సాయం అడుగుతూ చిత్తూరు చేరేసరికి దీపాలు పెట్టారు. వీధిలో నాకు తెలిసిన గుమస్తాలు చూశారు. నేను పక్కకు తప్పుకోలేదు.

సావుకారు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. దిమ్మెను ఆయన ముందు దించాను.  అరచేతిని దాని మీద పెట్టి కాసేపు అట్లాగే ఉంచాడు. తర్వాత లోపలికి తిరిగి కణక్కుపిళ్ళను కేకేశాడు.

"తక్కెడ తెప్పియ్యప్పా. సరుకొచ్చినాది."

మరునాడు పొద్దున్నే నేను ఇంకో ఊరికి బయలుదేరాను.